పచ్చిక కింది జాయింటు

ఊళ్లు తిరిగినవాళ్లకు తెలిసిన సంగతే: పార్కుగానే పుట్టిన పార్కులు తక్కువ. ఒకచోట అది రాజుగారి వేటతోట, ఇంకోచోట సిపాయిల కవాతు మైదానం, మరోచోట ఊరి చెత్తంతా పోసిన గుంట. ఈ కథలోని పార్కు ఒకప్పుడు నీళ్ల కార్ఖానా. నది నుంచి తోడిన బురదనీళ్లు నాలుగు పెద్ద తొట్లలో తేరుకుని, ఇసుకలోంచి వడిసి, పైపుల్లో పడి ఊళ్లోకి వెళ్లేవి. సాయంత్రంపూట తొట్ల గట్ల మీద చల్లగాలి వీచేది. లోపలికి రాకూడదని గేటుకు బోర్డుండేది. ఆ బోర్డు పక్కనుంచే జనం లోపలికి వచ్చేవారు. కాపలావాడు కొన్నాళ్లు అరిచాడు, తర్వాత విసుగెత్తి తనూ వాళ్ల పక్కనే చతికిలబడ్డాడు. ఊరు పెరిగి కార్ఖానా ఊరవతలికి పోయాక, ఆ స్థలంలో దుకాణాలు కడదామని ఒక కాగితం ఆఫీసు బల్లలన్నీ తిరిగింది. అది తిరుగుతున్నన్నాళ్లూ జనం గట్ల మీద నడుస్తూనే ఉన్నారు. చివరికి తొట్లను మట్టితో పూడ్చి, గడ్డి నాటి, పార్కు అని రాసిన బోర్డు పెట్టారు. పార్కు అప్పటికే పుట్టి పదేళ్లయింది; ఆ రోజు పుట్టింది బోర్డు మాత్రమే.

పూడ్చినవాళ్లు నేలలోని మెయిన్ పైపును మాత్రం ఉంచేశారు. తూర్పు వీధుల చివరిదాకా నీళ్లు వెళ్లేది దానిలోంచే. పార్కు నడిమధ్యలో దాన్ని కాస్త మళ్లించి కొత్త జాయింటు వేసినవాడు చెవి మేస్త్రీ.

ఆ పేరు అతనికి ఊరికే రాలేదు. చేతిలో ఎప్పుడూ నడుమెత్తు ఇనప ఊచ ఒకటి ఉండేది. ఒక కొన వాల్వు మీద, రెండో కొన చెవికి ఆనించి కళ్లు మూసుకునేవాడు. పైపు ఎక్కడైనా కారుతుంటే లోపల సన్నగా సుయ్‌మంటుంది. అది ఎంత దూరంలో ఉందో, బండ కిందో బంకమట్టిలోనో చెప్పి, కాలి బొటనవేలితో నేల మీద గీత గీసేవాడు. కూలీలు ఆ గీత మీదే గునపం వేసేవారు. అతని మాట మీద నీళ్ల ఆఫీసువాళ్లు ఎన్నో రోడ్లు తవ్వారు, ఒకసారి ఏకంగా తమ ఆఫీసు మెట్లే తవ్వుకున్నారు. ఇంట్లో మాత్రం పెళ్లాం చెప్పింది ఒక్కటీ ఆ చెవిన పడదని వినికిడి.

పార్కులో జాయింటు వేసేనాటికి అతనికి ఉద్యోగంలో రెండో ఏడు. పోత ఇనప పైపులు అవి. ఒకదాని నోట్లో ఇంకొకటి దూర్చి, సందులో జనపనార కూరి, కరిగిన సీసం పోసి, అది చల్లారాక చుట్టూతా ఉలితో, సుత్తితో దట్టించాలి. ఓపిక కావాలి. ముప్పావు వంతు అయ్యేసరికి సూపర్‌వైజరు గట్టు మీదినుంచి, "నీళ్లు వదులుతున్నాం, పైకి రా" అని కేకేశాడు. మిగిలింది అడుగు భాగం, చెయ్యి సరిగ్గా అందని చోటు. సీసం ఎలాగూ పట్టుకుంటుందిలే అనుకుని పైకొచ్చేశాడు. మర్నాడు మట్టి కప్పారు. పై నెల గడ్డి నాటారు.

నాటిన మాలి స్వయానా అతని బావ, అక్క మొగుడు. అప్పటికింకా రోజుకూలీ. మూడో ఎండాకాలంలో ఊళ్లో ఉన్న గడ్డంతా మాడి మసైతే, పార్కు నడుమ నాలుగు బస్సులు పట్టేంత మేర మాత్రం పచ్చగా నిగనిగలాడింది. పెద్ద అధికారి చూడ్డానికొచ్చి, "నీ చేతిలో ఏదో ఉందయ్యా" అని మెచ్చుకుని బావ ఉద్యోగం ఖాయం చేశాడు. ఆ సాయంత్రం మేస్త్రీ ఒంటరిగా వెళ్లి ఊచ ఆనించి విన్నాడు. సుయ్‌మంది. రేపు చెబుదాంలే అనుకున్నాడు. ఆ రేపు రావడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది.

ఈలోగా ఆ పచ్చిక ఊరందరిదీ అయిపోయింది. పక్కనే పెద్దాసుపత్రి. లోపల తమ మనిషిని పడుకోబెట్టి బయట కాచుకునేవాళ్లకి వసారా అదే. ఒంటి గదిలో అయిదుగురు సర్దుకునే ఇళ్ల పిల్లలు పరీక్షలకి అక్కడే చదివారు. ఉద్యోగం ఊడిన మాట ఇంట్లో చెప్పలేని గుమస్తా ఒకాయన రెండు నెలలపాటు ఆఫీసు వేళకే వచ్చి, అక్కడే క్యారేజీ విప్పుకుని తిని, ఆఫీసు వదిలే వేళకి ఇంటికెళ్లేవాడు. ఇవి ఏ రిజిస్టరులోకీ ఎక్కే సంగతులు కావు. బావకి మాత్రం అన్నీ తెలుసు.

మేస్త్రీ రిటైర్మెంటు ఇంకో నెల ఉందనగా ఆఫీసుకి కొత్త ఇంజనీరమ్మ వచ్చింది. చివరి వీధివాళ్ల అర్జీలు ముందేసుకుని, ఒక్కో వాల్వూ కట్టి, మీటర్లు చూసి, వారంలో తేల్చేసింది: పార్కు ఇవతల పైపులోకి వెళ్తున్న నీళ్లు అవతలికి పూర్తిగా చేరడం లేదు.

"సరిగ్గా ఎక్కడో మీరే చెప్పాలి మేస్త్రీగారూ," అంది.

అతను ఊచ ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు అలాగే ఉండి, "ఏం వినపడట్లేదమ్మా," అన్నాడు. ఆ ఊచ పట్టుకుని అతనాడిన మొదటి అబద్ధం అది.

అక్క కాపురం ఆ చివరి వీధిలోనే, రెండో అంతస్తులో. అక్కడికి నీళ్లెందుకు రావంటే వీధి మెరక మీద ఉంది గనక అని మేస్త్రీ అందరికీ చెప్పేవాడు. చెప్పగా చెప్పగా తనూ నమ్మాడు. మర్నాడు పొద్దున్నే అతను వెళ్లేసరికి అక్క వీధి కొళాయి దగ్గర వరసలో ఉంది.

"ఏరా, దారి తప్పొచ్చావా?"

"నిన్ను చూద్దామని."

"చూశావుగా. ఇక ఈ బిందె అందుకో. నా మోకాళ్లు నా మాట వినడం మానేశాయి."

చెరో బిందెతో మెట్లెక్కారు. మొదటి మలుపు దగ్గర అతను ఆగి మొత్తం చెప్పేశాడు: సీసం, సూపర్‌వైజరు కేక, పచ్చిక, నిన్నటి అబద్ధం. అక్క బిందె తొణికి మెట్టు తడిసింది.

"ఎన్నేళ్లుగా?"

"ముప్ఫై."

"అంటే నా బిందెలో పడాల్సినవి మీ బావ గడ్డికి పోస్తున్నావన్నమాట. ఇంటికొచ్చి నా చేతి మహిమ అంటాడ్రా ఆయన. ముప్ఫై ఏళ్లుగా వింటున్నా." నవ్వొచ్చింది ఆమెకి. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. "ఆయనకి తెలుసా?"

"తెలీదు. చెప్పమంటావా, వద్దా?"

"నన్నడుగుతావేం? చెప్పు. చెప్పి, బాగు చెయ్యి. ఆయన మొహం చూసి మళ్లీ మింగేశావో, ఈ మెట్లెక్కకు."

రిటైరయ్యాక కూడా రోజూ పార్కుకి వచ్చే బావ, పచ్చిక అంచున కూర్చుని కలుపు తీస్తున్నాడు. మేస్త్రీ చెబుతున్నంతసేపూ చెయ్యి ఆపలేదు.

"అయితే ఇదంతా నీ ఘనకార్యమా?" అన్నాడు చివరికి.

"పెంచింది నువ్వే బావా. నీళ్లే..."

"చాల్లే, సన్మానం చెయ్యొచ్చావు." గొంతు తగ్గించాడు. "అటు చూడు. ఆ మూల పడుకున్నామె కూతురికి లోపల ఆపరేషన్ జరుగుతోంది. ఈ ఎండల్లో ఇది తవ్వి మట్టి చేస్తే ఆవిడ ఎక్కడికి పోవాలి? ఒక్క నెల గుట్టుగా ఉన్నావంటే నీ సర్వీసు అయిపోతుంది. నా పేరు కోసం అంటున్నాననుకుంటున్నావేమో."

"అనుకోవట్లేదు," అన్నాడు మేస్త్రీ. కొంచెం అనుకున్నాడు.

"వీళ్ల కోసమేరా."

"ఈ పొద్దున అక్క ఆరు బిందెలు మోసింది బావా. రెండు నేను మోశాను. ఆ వీధిలో నలభై గడపలున్నాయి."

బావ పీకిన కలుపు కుప్పను అటు జరిపాడు, ఇటు జరిపాడు. పెళ్లాం మోకాళ్లకి మందు తెచ్చేది ఆయనే. ఆ నొప్పి ఎక్కణ్ణుంచి వస్తోందని ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆలోచించలేదు.

"గీత గియ్యి," అన్నాడు.

"మొన్న వినపడలేదన్నారు?" అంది మర్నాడు ఆ గీత చూసిన ఇంజనీరమ్మ.

"వినపడింది. చెప్పలేదు."

ఆమె ఏదో రాసుకుంది. తర్వాత నెలకి జరిగిన అతని రిటైర్మెంటు సభకి ఆమె రాలేదు. పింఛను కాగితాల మీద సంతకం మాత్రం పెట్టి పంపింది.

తవ్వే ముందు బావ గడ్డిని పెళ్లలు పెళ్లలుగా కోయించి తడి గోనెల కింద పేర్పించాడు. గుంటలోకి మేస్త్రీయే దిగాడు. పాత సీసం పీకి కొత్తది పోసి, పైపు కింద వెల్లకిలా పడుకుని అడుగు భాగం దట్టించాడు. ఇంకెంతసేపని ఇంజనీరమ్మ అడిగితే, "వాణ్ణి కానివ్వండమ్మా," అన్నాడు పైనున్న బావ.

మూడోరోజుకి అక్క ఇంటి కొళాయి దగ్గి, తుప్పు కక్కి, ధారగా పారింది. పచ్చిక మాత్రం, పెళ్లలన్నీ తిరిగి పరిచినా, ఆ నెలలోనే మాడిపోయింది. జనం రావడం మానలేదు. గడ్డి గుచ్చుకుంటే దుప్పట్లు తెచ్చుకున్నారు, ఎండ ఎక్కితే గోడ వారనున్న చెట్ల కిందికి జరిగారు. బావ పచ్చిక చుట్టూ నీడనిచ్చే మొక్కలు నాటాడు. మేస్త్రీ రోజూ వచ్చి నిలబడేవాడు. రెండు నెలలు ఊఁ, ఆఁ తప్ప వాళ్లిద్దరి మధ్య మాటల్లేవు.

ఒక ఆదివారం పొద్దున అక్క పార్కుకి వచ్చింది. కొత్త పెళ్లికూతురుగా ఒకటి రెండుసార్లు వచ్చిందంతే. తర్వాత నీళ్లెప్పుడొస్తాయో తెలియక పొద్దుటిపూట ఎప్పుడూ వీధి దాటలేదు.

గోధుమరంగు గడ్డిని ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసింది. "ఇదేనా?"

"ఇదే," అన్నాడు బావ. "పోయినేడు రావాల్సింది."

"పోయినేడు తీరిక లేదు."

మెల్లిగా కూలబడి కాళ్లు చాపుకుంది. గుచ్చుకుంటోందా అని బావ అడిగితే, గుచ్చుకుంటోందంది, లేవలేదు. బావ కొంతసేపు ఆమె పక్కన నిలబడి, దూరంగా ఉన్న మేస్త్రీ వైపు తిరిగాడు.

"ఏరా, స్తంభంలా అక్కడే నిలబడతావేం. ఆ నీళ్ల డబ్బా ఇటు పట్రా. ఈ మొక్కకి పొద్దున్నించీ చుక్క పడలేదు."

మేస్త్రీ డబ్బా అందుకున్నాడు.