గింజ, గింజుకోవడం

సబ్బవరం నుంచి పూర్ణా మార్కెట్‌కి వచ్చే బస్సులో ఒకావిడ నా పక్కన కూర్చుంది. ఆమె ఒళ్ళో చిన్న బుట్ట, అందులో ఓ కోడిపెట్ట తెగ కొట్టుకుంటోంది. నా చేతిలో మర్నాడు చెప్పాల్సిన ఫిజిక్స్ పాఠం: కేంద్రకం ఎంత చిన్నదైతే లోపలి కణాల ద్రవ్యవేగం అంత ఎక్కువ. "ఎవరూ తోయకుండానే ఎందుకు సార్ ఆ పరుగు?" అని ఆ రోజు క్లాసులో ఒకమ్మాయి అడిగితే, రేపు చెబుతానని వచ్చేశాను.

"ఏటి బాబూ, అంత సిరాగ్గా సదువుతన్నావు?" అందావిడ.

"పరమాణువు మధ్యలో గింజ లాంటిది ఉంటుందమ్మా. అది ఇరుకయ్యేకొద్దీ, ఎవరూ తోయకపోయినా లోపలివి ఊరుకోవు. ఎందుకో చెప్పలేకపోతున్నాను."

"గింజంటన్నావు, గింజుకోదేటి?" అని నవ్వి, బుట్ట మీద చెయ్యేసింది. "దీన్ని ఎవులు తోత్తన్నారు? పెద్ద గంప కిందయితే నిమ్మళంగానే ఉంటాది. సోటు సాలకపోతే అదే కొట్టుకుంటాది."

పోర్టు దగ్గర ఒంటిగదిలో కాపురముంటున్న రోజులవి. సాయంత్రమైతే గోడ నుంచి గోడకి తిరిగేవాణ్ణి. "ఎవరేమన్నారు?" అని నా భార్య రోజూ అడిగేది. నేను రోజూ ఎవరో ఒకరి పేరు చెప్పి తిట్టేవాణ్ణి.

ఆ సాయంత్రం మాత్రం, "ఎవరూ ఏమీ అనలేదు, గది చిన్నది," అన్నాను.