సగం నొక్కిన బటన్: గుంటూరు నుంచి పర్చూరు మిరప కల్లం దాకా

బుజ్జులూ, నీ కెమెరా పట్టుకుని ఒక్కదాన్నే బస్సెక్కానే. తిట్టకు. లెన్సు మీద వేలు పడకుండానే పట్టుకున్నాను.

చదివేవాళ్ళకు ముందుగా చెప్పాలి. బుజ్జులు మా అమ్మాయి. సొంత జీతంతో పాత కెమెరా ఒకటి కొనుక్కుని, ఆదివారం వస్తే చాలు పొలాల వెంట తిరుగుతూ ఫొటోలు తీసేది. పోయిన ఏడాది జ్వరంతో పోయింది. నేను ఐదో తరగతి వరకే చదివాను, తప్పులుంటే సర్దుకోండి. ఈమధ్య దాని బీరువాలో ఒక కవరు దొరికింది. లోపల ఒక ఫొటో. మిరప రాశి ముందు ముఖానికి గుడ్డ కట్టుకున్న ఆడమనిషి, కళ్ళతో నవ్వుతోంది. వెనక మా అమ్మాయి చేతిరాత: "మస్తాన్‌బీ పిన్ని. పర్చూరు దాటాక నీళ్ళ ట్యాంకు పక్క కల్లం. ఇస్తానని మాటిచ్చాను." ఆ మాట కోసమే ఈ ప్రయాణం.

ఫొటో తీయడం నాకు వంటింట్లోనే నేర్పింది. "బటన్ సగం నొక్కమ్మా, పచ్చ గడి వెలిగాక ఊపిరి బిగబట్టి పూర్తిగా నొక్కు" అనేది. అది పోయాక ఏడాదంతా సాధన చేశాను, కానీ సగమే. బియ్యం డబ్బా మీద, పిట్టగోడ ఎక్కిన పిల్లి మీద, ఆరేసిన చీర మీద పెట్టి సగం నొక్కడం, పచ్చ గడి రాగానే వదిలేయడం. పూర్తిగా నొక్కితే అది తీసిన ఫొటోలన్నీ ఏమైపోతాయోనని భయం. మా వీధి చివర స్టూడియో ఆయన, "కెమెరాలోని మెమరీ కార్డు ఇవ్వండమ్మా, పది నిమిషాల్లో ఫొటోలన్నీ ఇంకోదాంట్లోకి ఎక్కించి ఇస్తాను" అన్నాడు. పరాయి చేతిలో పెట్టడానికి మనసొప్పలేదు. అదే నేను చేసిన తప్పు.

ఫిబ్రవరి నెలాఖరున, ఉదయం ఆరున్నరకు గుంటూరు బస్టాండులో చిలకలూరిపేట బస్సెక్కాను. ఆడవాళ్ళకు ఛార్జీ లేదు, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు. గంట పైనే పట్టింది. పేటలో పర్చూరు బస్సు కోసం నలభై నిమిషాలు నిలబడ్డాను. ఎదురుగానే ఇడ్లీ బండి ఉంది కానీ కెమెరా సంచి కింద పెట్టలేక తినలేదు. దారి పొడుగునా ఎండిన పత్తి మోళ్ళు, వాటి మధ్య ఎర్రగా పరుచుకున్న కల్లాలు. బుజ్జులైతే బస్సు ఆపించేది. నేను సంచిని పొట్టకు అదుముకుని కూర్చున్నాను. బస్సు గతుకులో పడ్డప్పుడల్లా లోపల ఏదో విరిగినట్టే ఉండేది.

పర్చూరులో ఆటో అరవై రూపాయలు. "కూలికి ఇంత పొద్దెక్కి వస్తే మేస్త్రి ఊరుకుంటాడా పెద్దమ్మా?" అన్నాడు ఆటో అతను.

"కూలికి కాదు నాయనా, ఫొటోకి."

అద్దంలో నన్ను ఎగాదిగా చూశాడు. "అయితే నాదొకటి తీయి, పెళ్ళిచూపులకు పనికొస్తుంది."

నాకు నవ్వు రాలేదు. అమ్మాయి ఏదని మస్తాన్‌బీ అడిగితే ఏం చెప్పాలి? దారంతా అదే గుబులు.

కల్లంలో పదిమంది ఆడవాళ్ళు చీరల మీద మగవాళ్ళ చొక్కాలు తొడుక్కుని, చేతులకు ఆముదం పూసుకుని, రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. అందరి ముఖాలకూ గుడ్డలే. ఎవరో గుర్తుపట్టలేక ఫొటో పైకెత్తి చూపించాను. ఒకామె లేచి వచ్చింది.

"ఓయమ్మో, నేనే! గుడ్డ కట్టినా పళ్ళికిలించింది తెలుస్తోందే! అమ్మాయేదక్కా, కెమెరా పిల్ల?"

 ఏం చేయాలో తోచక రాశిలోంచి ఒక కాయ తీసి నలిపాను. అదే చేత్తో కన్ను తుడుచుకున్నాను. నిప్పు పెట్టినట్టయింది.

"ఆముదం పూసుకోకుండా కాయ ముట్టుకుంటారా ఎవరైనా!" అని కసురుతూ మస్తాన్‌బీ చెంబుతో నీళ్ళు పోసింది. ఆ నీళ్ళలో ముఖం దాచుకునే చెప్పాను. "పోయింది మస్తాన్‌బీ. జ్వరం వచ్చి."

చెంబు ఆగిపోయింది. మెల్లగా అంది: "అన్నం తిని పొమ్మన్నానక్కా ఆ రోజు. టైం లేదు పిన్నీ అని నీళ్ళు తాగి వెళ్ళిపోయింది." తర్వాత ముక్కు చీదుకుని, "అది తీసినచోటే నువ్వు తీయి. ఈసారి అందరినీ" అంది.

కాదనలేకపోయాను. పచ్చ గడి వెలిగింది. మొదటిసారి పూర్తిగా నొక్కాను. ఎర్రగా ఏవో ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి.  పది చదివిన సుజాత అనే అమ్మాయి తొంగి చూసి, "కార్డు నిండిపోయిందంట అక్కా. ఒకటి తీసేస్తేనే ఇంకోటి పడుతుంది" అంది.

ఏది తీసేయను? వెనక్కి జరుపుతూ చూశాను. ఒక ఫొటో అంతా మసక, మూలన మా అమ్మాయి బొటనవేలు. పాడైన ఫొటో అదొక్కటే, కానీ ఆ వేలిని ఎలా తీసేస్తాను? నేను దోసెలు పోస్తున్నవి పద్నాలుగు ఉన్నాయి. వాటిలో ఒకటి ఎంచుకున్నాను. మళ్ళీ రెండు వరుసల ఇంగ్లీషు వచ్చింది.

"పైది ఈ ఒక్కటే, కిందది మొత్తం అన్నీ" అంది సుజాత.

"నువ్వే నొక్కమ్మా."

"నా చేతులనిండా ఆముదం, కారం. కెమెరా పాడైపోద్ది. నువ్వే నొక్కు, పైది."

పైదేనా అని రెండుసార్లు అడిగాను. నొక్కాను. తెర నల్లబడింది.  తర్వాత తెర మీద బొటనవేలు కనిపించింది. వెనక్కి జరిపి చూశాను, అన్నీ ఉన్నాయి.

తీశాను. అది చూసి అందరూ గొల్లున నవ్వారు. "తలకాయలేవక్కా? మా అందరికీ మెడలే ఉన్నాయి!" ఆ మెడల ఫొటోను వెంటనే తీసేసి ఇంకోటి తీశాను. దాన్ని తీసేయడానికి మాత్రం ఎవరినీ అడగలేదు.

మస్తాన్‌బీ చేతులు కడుక్కుని తన ఫొటో తీసుకుంది. క్యారేజీ విప్పి, తినందే కదలనివ్వలేదు. అన్నం, గోంగూర పప్పు, పండుమిరపకాయల కొరివికారం. ఆమె ఎదురుగా కూర్చుని చూస్తూంటే రెండోసారి కూడా పెట్టించుకున్నాను. పొద్దున్నుంచీ అదే మొదటి ముద్ద.

భయం పోయిందని అబద్ధం చెప్పను. పూర్తిగా నొక్కిన ప్రతిసారీ ఇప్పటికీ పాత ఫొటోలు ఉన్నాయో లేదో వెనక్కి జరిపి చూసుకుంటాను. కానీ ఆ కార్డులో ఇప్పుడు దాని బొటనవేలి తర్వాత నా ఫొటో ఒకటి ఉంది. కొంచెం వంకరగా, తలకాయలతో సహా. మర్నాడు స్టూడియో ఆయన దగ్గరే కూర్చుని, కళ్ళు తిప్పకుండా చూస్తూ, కార్డులోవన్నీ వేరేదాంట్లోకి ఎక్కించుకున్నాను. మీరు మాత్రం ఆ పని బయల్దేరే ముందే చేసుకోండి, ఖాళీ కార్డు ఒకటి వెంట ఉంచుకోండి. మస్తాన్‌బీ ఫొటో తీసిన రోజు లోపల జ్వరం ఉన్నా మా అమ్మాయి చెప్పకుండా, తినకుండా ఎండలో తిరిగింది; ఇంటికొచ్చాక ఒళ్ళు కాలుతుంటేనే నాకు తెలిసింది. మీరలా చేయకండి. ఎక్కడికి వెళ్ళినా కడుపునిండా తినండి.