కుంకుమబొట్టు పెట్టిన ల్యాప్‌టాప్

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది. ప్రోగ్రామరన్నవాడు కంప్యూటర్ భాష ఒక్కటి బాగా నేర్చుకుంటే చాలు, ఇక రిటైరయ్యేదాకా కాలుమీద కాలేసుకుని బతికేయొచ్చని. (ఈ మాట ఇప్పుడు ఆఫీసులో అంటే పాపమని టీ ఇప్పిస్తారు.) ఉద్యోగంలో చేరిన కొత్తదనమైనా పోలేదు, మా మేనేజరు అందరినీ పిలిచి, మనం రాస్తున్న భాషలో ఇక పనులు రావు, దసరా మర్నాడు కొత్త భాషలో పరీక్ష, పాసైనవాళ్ళు కొత్త ప్రాజెక్టులో ఉంటారు అని చెప్పాడు. కానివాళ్ళు ఎక్కడుంటారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. నిజంగా భయమేసింది. ఆ భయంలోంచే మొండితనం కూడా వచ్చింది. లావుపాటి పుస్తకం ఒకటి కొని, ఆఫీసు ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని, దసరా రోజంతా కూర్చుని దీని అంతు చూస్తానని గద్వాల బస్సెక్కాను.

మా ఇంట్లో దసరా అంటే మగ్గానికి సెలవు. నాడెలు, కండెలు, కత్తెర, అన్నీ తుడిచి మగ్గం ముందు పెట్టి పసుపు కుంకుమలతో పూజ చేస్తాం. మర్నాడు పొద్దునదాకా పనిముట్టును ఎవరూ ముట్టకూడదు. ఇది నాకు ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. కానీ నా ల్యాప్‌టాప్ కూడా పనిముట్టే అవుతుందన్న సంగతి మాత్రం తట్టలేదు. (ఇంత చదువు చదివిన బుర్ర!) స్నానం చేసి వచ్చేసరికి అది కత్తెర పక్కన బుద్ధిగా కూర్చుని ఉంది. మూత తెరిచి మరీ మీటల మీద అక్షింతలు చల్లారు. ఎంటర్ మీట అన్నిటికంటే పెద్దగా కనిపించిందేమో, దానికి ప్రత్యేకంగా కుంకుమబొట్టు.

"నాయినా, రేపు నాకు పరీక్ష ఉన్నది!" అన్నాను ఏడుపు గొంతుతో.

"ఉంటె ఉండనీ. నీకు బువ్వ పెడుతున్నది గదే గదరా? ఒక్క దినం దానికి దండం పెట్టలేవా?"

"జరసేపు చూస్కుంట నాయినా."

"రేప్పొద్దుగాల దాంక ముట్టేది లేదు."

పండక్కి కోడేరు నుంచి వచ్చిన మా మేనత్త అంతటితో ఊరుకోక, నా చేతిలో పుస్తకం చూసి, "గది గూడ ఇటియ్యి అల్లుడా, సరస్వతి తల్లి" అని చెయ్యి చాపింది. దాన్ని చొక్కాలో దోపుకుని వెనక గదిలోకి పరుగెత్తాను. అక్కడ కూర్చుని చదివానే గానీ, వేళ్ళు కదలకుండా ప్రోగ్రాము ఎలా వస్తుంది? పేజీ తిప్పేసరికి ముందు పేజీ మరిచిపోతున్నాను. ఇక ఉద్యోగం పోయినట్టేనని దిగాలుపడి బయటికొచ్చాను.

వాకిట్లో అరుగు మీద నాయిన కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. చేతులు గాలిలో అటూ ఇటూ విసురుతున్నాడు, కాళ్ళు ఒకటి మార్చి ఒకటి నేలను తొక్కుతున్నాయి. గబగబా దగ్గరికెళ్ళాను.

"ఏమైంది నాయినా?"

"ఏం గాలే. ఈ ఏడే గద మగ్గానికి జకార్డు మిషిను పెట్టించినం, దాని తొక్కుడు వేరే. కాళ్ళు ఇంక పాత తీరుగనే తొక్కుతున్నయి. మొన్న ఒక చీర అంచు ఖరాబయింది. అందుకే గిట్ల అలవాటు జేస్తున్న."

"పండుగనాడు పనిముట్టు ముట్టద్దంటివి!"

నాయిన కళ్ళు తెరవకుండానే నవ్వాడు. "గాలి పనిముట్టెట్లయితదిరా?"

జీవితమంతా పాత పద్ధతిలో నేసిన మనిషి, తల నెరిశాక కాళ్ళకు కొత్త నడక నేర్పుతున్నాడు. ఆయన్ని చూస్తుంటే నాకు సిగ్గూ వేసింది, పట్టుదలా వచ్చింది. పక్కన కూలబడి, పుస్తకం తొడమీద పెట్టుకుని, అరుగు అంచునే మీటలనుకుని టైపు చేయడం మొదలుపెట్టాను. తప్పు వేలు పడితే మళ్ళీ మొదటినుంచి. మధ్యాహ్నం భోజనానికి పిలిచినా లేవలేదు. మమ్మల్ని చూసి మేనత్త ఇంట్లోకి కేకేసింది. "వదినా, గీ తండ్రీకొడుకులకు ఏం పుట్టింది? దవాఖానకు తీస్కపోదమా?"

"ఏం గాలే. పండుగపూట పని బందు పెట్టిండ్రు గద, గట్లనే ఉంటది" అంది అమ్మ తాపీగా, భక్ష్యాలు కాలుస్తూ.

మర్నాడు తొలి బస్సుకు హైదరాబాద్ చేరి పరీక్షకు కూర్చున్నాను. ఎంటర్ మీట కింద కుంకుమ ఇరుక్కుని అది ఒక పట్టాన దిగదే! నాయిన మగ్గం తొక్కినట్టు బలమంతా పెట్టి నొక్కాల్సి వచ్చింది. నొక్కినప్పుడల్లా తెల్లచొక్కా మీద ఎర్రటి పొడి. కానీ వేళ్ళు మాత్రం తడబడలేదు, అరుగు మీద నడిచిన దారినే నడిచాయి. అత్తెసరు మార్కులతోనే అయినా పాసయ్యాను.

ఆ భాష కూడా పాతబడిపోయింది. దాని తర్వాత వచ్చినవీ పోయాయి. ప్రతిసారీ అదే భయం, అదే మొండితనం. ఇప్పుడైతే ప్రోగ్రాములు తానే రాసిపెట్టే సాధనం వచ్చింది, దానితో పని చేయించుకోవడం నేర్చుకొమ్మంటున్నారు. మొన్న దసరాకు ల్యాప్‌టాప్‌కు బొట్టు పెట్టి (ఎంటర్ మీటను వదిలేసి), సోఫాలో కళ్ళు మూసుకుని మోకాళ్ళ మీద వేళ్ళు ఆడిస్తుంటే, మా అమ్మాయి నవ్వుతూ వీడియో తీసి గద్వాలలో తాతకు పంపింది. వెంటనే ఫోనొచ్చింది.

"చూసిన బిడ్డా. ఉత్త చేతులే ఆడిస్తుండేంది మీ నాయిన? కాళ్ళు గూడ ఆడియ్యమను, జల్ది వస్తది."

ఈ వయసులో, బట్టతలతో, కూతురు చూస్తుండగా, కాళ్ళు కూడా ఆడించాను. చొక్కాలో పుస్తకం దోపుకుని పరుగెత్తిన ఆ కుర్రాడు చూస్తే ఎంత నవ్వేవాడో!