డ్రమ్ము మీద మిగిలిన తోలు

1994 ఆగస్టు. దోహా విమానాశ్రయంలో ఇంధనం నింపే డ్యూటీ నాది. పెద్ద జెట్ విమానాలకు కిరోసిన్ లాంటి ఇంధనాన్ని ట్యాంకర్లతో నింపేవాళ్ళం. పాతకాలపు చిన్న విమానాలకు ఆవ్‌గ్యాస్ కావాలి, అంటే విమానాల పెట్రోలు. అలాంటివి ఏడాదికి ఒకటో రెండో వస్తాయి కాబట్టి ఆ డ్రమ్ములు షెడ్డు వెనక పడి ఉండేవి. వాటిని అడ్డంగా పడుకోబెట్టాలని నియమం. నిలబెడితే రాత్రి తేమ మూత మీద నీళ్ళయి, బిరడా సందులోంచి లోపలికి దిగుతుంది. చోటు చాలదని మేం నిలబెట్టేశాం.

ఆ ఉదయం ఒంటి ఇంజను పాత విమానంలో అరవై ఏళ్ళ ఆంగ్లేయుడొకాయన దిగాడు. 1930లలో వాళ్ళ నాన్న టపా సంచులతో ఈ గల్ఫ్ మీదుగానే కరాచీకి ఎగిరేవాడట. ఒకసారి బయల్దేరి, చేరలేదు. నాన్న ఆగిన దారిని తను పూర్తిచేయాలని కొడుకు కోరిక.

"ఆ రోజుల్లో తుఫానులకంటే గరిటెడు నీళ్ళకే ఎక్కువమంది పోయారు," అన్నాడు నాతో.

పెట్రోల్లో నీళ్ళు చేరితే ఇంజను గాల్లోనే ఆగిపోతుంది. అందుకే ఆ తరం పైలట్లు గరాటులో షామీ లెదర్ పరిచి ప్రతి డబ్బానూ వడపోసేవారు. ఆ మెత్తటి తోల్లోంచి పెట్రోలు దిగుతుంది, నీళ్ళు పైనే నిలుస్తాయి. ఆయన తెచ్చుకున్న తోలు నాన్న అల్మారాలో దొరికిందట.

వడపోతకు రెండు గంటలు పడుతుంది. ఎండ ముదిరితే గాలి పలచబడి, ఇంధనంతో బరువెక్కిన విమానం లేవడం కష్టమని ఆయన తొందర. అరగంటలో డ్యూటీ అయిపోతుందని నా తొందర. డ్రమ్ములో నీళ్ళుంటే రంగు మారే పేస్టు ఒకటుంటుంది గాని, స్టోర్లో అది అయిపోయి రెండు వారాలైంది.

అల్ సద్ పేటలోని తెలుగువాళ్ళ గదుల్లో అప్పటికే నాకు కోతలరాయుడని పేరు. ఆ పేరు నిలబెట్టుకున్నాను. మా తాతది కిరోసిన్ దుకాణమని, చుక్క నీరు కలిసినా నా ముక్కుకు తెలిసిపోతుందని ఆయనకు చెప్పాను. బిరడా తీసి, కళ్ళు మూసుకుని, దీర్ఘంగా పీల్చాను.

"నీళ్ళు లేవు కెప్టెన్."

నాతో పనిచేసే నిజామాబాద్ ఖాజా భాయి తెలుగులో గొణిగాడు. "ఏంది భై, గీనకు గూడ కోస్తున్నవా? నమ్ముతడేమో జూడు."

"ఇలాంటిది ఎవరు నమ్ముతారు భాయ్?"

ఆయన నమ్మాడు. నాన్నగారి మెకానిక్ చెవి ఆనించి ఇంజను జబ్బు చెప్పేవాడట. పనివాళ్ళ మీద ఆయనకు అంత గురి. ఇక వడపోత వద్దని, తోలు మడిచి పక్క డ్రమ్ము మీద పెట్టి, పంపు కొట్టమన్నాడు. తమాషాకన్నానని చెప్పడానికి, పంపు కొట్టినంతసేపూ నాకు సమయముంది.

విమానం లేచాక ఖాజా భాయి ఆ తోలు చూశాడు. ఆయన మరిచిపోయి వెళ్ళాడు. ఏమనుకున్నాడో, డ్రమ్ము అడుగున మిగిలినదాన్ని తోలులో పోశాడు. పెట్రోలు దిగిపోయింది. తోలు మీద దోసెడు నీళ్ళు నిలిచి కదులుతున్నాయి.

"నీ ముక్కుకు జలుబు జేసిందా భై?" అన్నాడు. నవ్వలేదు. ఫోను దగ్గరికి పరిగెత్తాడు.

టవర్ వాళ్ళు ఎంత పిలిచినా జవాబు రాలేదు. మూడో రోజు చేపల పడవవాళ్ళకు ఒక చక్రం దొరికింది. మనిషి దొరకలేదు.

విచారణలో డ్రమ్ముల సంగతి కంపెనీ చూసుకుంది. వడపోత ఎందుకు జరగలేదని మాత్రం నన్నడిగారు. పైలటే వద్దన్నాడని రాసిచ్చాను. అక్షరాలా నిజం. నా జన్మలో అంతకు మించిన అబద్ధం ఆడలేదు. నా ఇద్దరు పిల్లల్ని తలచుకుని కాబోలు, ఖాజా భాయి ఆ కాగితం కింద సాక్షి సంతకం పెట్టాడు. ఉద్యోగం నిలిచింది.

ఈ అయిదేళ్ళలో ఏ చిన్న విమానం వచ్చినా ఆ తోలుతోనే వడపోశాను. పైలట్లు విసుక్కుంటే విసుక్కున్నారు. శుక్రవారాలు గదుల్లో ఇప్పటికీ కోతలు కోస్తాను గాని, ముందు అందరి మొహాలూ చూస్తాను. నవ్వనివాడు ఒక్కడు కనిపించినా ఆపేస్తాను.

ఖాజా భాయి ఉంటే అసలు మొదలే పెట్టను.