ఆదివారం పేలిన రాయి

మా ఆయన ఇద్వల్ ఒకచోట కాలు నిలిచే మనిషి కాదు. భోజనానికి కూర్చుంటే మధ్యలో లేచి కిటికీ మేకు బిగించి వస్తాడు. పలకరాయి గని నడిచినన్నాళ్ళూ ఆ తిక్కకి ఒక దారి ఉండేది. మందుపెట్టి రాయి పేల్చే పని ఆయనది. మా లోయలో ఇద్వల్‌లు నలుగురైదుగురు ఉన్నారు కాబట్టి మా ఆయన్ని ‘ఢాం ఇద్వల్’ అనేవారు. నేను ‘ఢాం మెన్నా’ అయ్యాను. నేనేం పేల్చానని? గని మూతపడ్డాక ఆయనతో ఒకే కప్పు కింద బతకడమంటే ఏమిటో నాకే తెలుసు. పెరటి గోడ కట్టాడు, నచ్చలేదని పడగొట్టాడు, మళ్ళీ కట్టాడు. కోళ్ళగూడు అటునుంచి ఇటు, ఇటునుంచి అటు మార్చి మార్చి పెడుతుంటే చివరికి కోళ్ళు గుడ్లు పెట్టడమే మానేశాయి.

అలాంటప్పుడు దిగబడ్డారు రైలు పిచ్చోళ్ళు.

గని నుంచి రేవుకి పలకలు మోసిన బుల్లి రైలు ఒకటి మాకు ఉండేది. దాని పట్టాల మధ్య ఎడం మూరన్నర కూడా ఉండదు. కరెంటు కోసం లోయకి అడ్డంగా ఆనకట్ట కట్టేసరికి ఆ దారి సగం నీళ్ళలో మునిగింది. చెరువు పైనుంచి కొండ చుట్టూ కొత్త దారి వేసి ఆ రైలును మళ్ళీ నడుపుతామని ఇంగ్లండు నుంచి వచ్చారు వీళ్ళు. జీతం లేదు, బత్తెం లేదు. వారమంతా ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేసుకుని శుక్రవారం సాయంత్రం వచ్చి, మూసేసిన బడిలో దుప్పట్లు పరుచుకుని పడుకునేవాళ్ళు. శని, ఆదివారాలు మట్టి తవ్వి, ఒళ్ళు హూనం చేసుకుని, నవ్వుకుంటూ పోయేవాళ్ళు. బస్సు కండక్టరు ఒకడు, నర్సు ఒకతె, బ్యాంకు గుమాస్తాలు ఇద్దరు. వాళ్ళ నాయకుడు హ్యూబర్ట్ పళ్ళ డాక్టరు. వారమంతా నోళ్ళు తవ్వింది చాలక కొండని తవ్వడానికి వచ్చాడని ఊరంతా నవ్వుకుంది.

కొత్త దారికి అడ్డంగా ఒక నల్లబండ ఉంది. కొండలోంచి నీళ్ళ మీదికి ముక్కులా పొడుచుకొచ్చిన బండ. అది పారలకి లొంగేది కాదు, పేల్చాల్సిందే. పేల్చే లైసెన్సు ఈ చుట్టుపక్కల మా ఆయనొక్కడికే ఉంది. హ్యూబర్ట్ మా ఇంటికొచ్చి, టీ తాగి, ఎండుద్రాక్ష రొట్టె తిని, ఎలా అడగాలో తెలియక టోపీ నలుపుతుంటే ఇద్వల్ అప్పటికే బూట్లు తొడుక్కుంటున్నాడు.

“ఏమయ్యా, ఆయన ఇంకా నోరు తెరవనే లేదు,” అన్నాను.

“తెరుస్తాడులేవే. ఈలోపు బండ చూసొస్తాను,” అన్నాడు.

చిక్కల్లా ఆదివారంతోనే వచ్చింది. మా దగ్గర ఆదివారమంటే ఆదివారమే. బంగాళాదుంపల తోలు కూడా శనివారమే తీసి నీళ్ళలో వేసుకుంటాం. తీగ మీద తడిగుడ్డ కనిపిస్తే ఆ ఇంటి పరువు పోయినట్టే. పైగా మా ఆయన సంఘపెద్ద. మందిరంలో పాస్టరుగారి వేదిక కింద, జనానికి ఎదురుగా, పెద్దలు కూర్చునే బెంచీలో ఆయనకి చోటుంది. వాళ్ళ నాన్న చనిపోయేదాకా కూర్చున్న చోటు అది. ఈ ఊళ్ళో మా ఆయన సంపాదించుకున్న గౌరవమంతా ఆ జానెడు చెక్కలోనే ఉంది. అందుకని ఒప్పందం చేసుకున్నారు. పేలుళ్ళన్నీ శనివారమే. ఆదివారం వాళ్ళు రాళ్ళెత్తి పోసుకుంటే ఆ పాపం వాళ్ళది, మా ఆయన ఆ ఛాయలకే పోడు.

సాటి పెద్ద, కిరాణా కొట్టు కరాడోగ్‌కి ఇది కూడా గిట్టలేదు.

“నీ శిష్యుల గోల నా ప్రార్థనలో జొరబడుతోందిరా ఇద్వల్,” అన్నాడు ఒకసారి మందిరం గుమ్మంలో.

“నీ గురక ఆపు, ఆ గోల కూడా వినపడదు,” అన్నాడు మా ఆయన.

మాటకి మాట ఇచ్చాడే గానీ ఆదివారాలు ఆయనకి నరకం. పైన కొండ మీద ఇనప తొట్టెల్లోంచి రాళ్ళు దొర్లే చప్పుడు కిటికీల్లోంచి వినిపిస్తుంటే, ఇక్కడ ఆయన వేళ్ళు బెంచీ అంచు మీద ఆడుతుండేవి. నేను ఎదురు వరసలోంచి కళ్ళెర్రజేసేదాన్ని. కాసేపు ఆగి మళ్ళీ మొదలుపెట్టేవాడు.

ఆ శనివారం బండలో మిగిలిన చివరి ముక్కకి మందు పెట్టారు. వత్తులు అంటించాక అందరూ దాక్కుని మోతలు లెక్కపెట్టడం ఆ పనిలో పద్ధతి. మందు కూరడానికి రాతిలో తొలిచిన కన్నాలెన్నో మోతలన్ని వినపడాలి. ఒకటి తగ్గిందంటే మందు ఒకచోట పేలకుండా రాళ్ళ కింద కాచుకుని ఉందన్నమాట. ఎనిమిది కన్నాలు నింపితే మా ఆయనకి ఏడు మోతలే వినిపించాయి. రెండు కలిసి పేలాయని హ్యూబర్ట్ అన్నాడు, మిగతావాళ్ళు తల ఊపారు. జోరువానలో చీకటి పడేదాకా వెతికినా ఏమీ దొరకలేదు.

“రేపు చెరువు వైపు కుప్ప మాత్రం తోడుకోండి డాక్టరూ. కొండ వైపు చెయ్యి పెట్టకండి. డ్రిల్లు అసలే ముట్టుకోవద్దు. సోమవారం నేనొచ్చి చూస్తాను,” అని చెప్పి ఇంటికొచ్చాడు.

ఒళ్ళు ఇంటికొచ్చింది గానీ మనసు అక్కడే ఉంది. ముందు పెట్టిన పులుసు చల్లారిపోయింది.

“రెండు కలిసి పేలి ఉండొచ్చు కదయ్యా,” అన్నాను.

“ఉండొచ్చు,” అన్నాడు. వంటింట్లో ఒక చుట్టు తిరిగొచ్చి, “ఉండకపోవచ్చు,” అన్నాడు. కాలుగాలిన పిల్లి నయం. నాకు ఒళ్ళు మండి గొడవపడ్డాను కూడా.

మర్నాడు పాస్టరు ఎలిదిర్ గారు ప్రసంగం అందుకున్నారు. మంచి ఊపులో ఉండగా పైనుంచి డ్రిల్లు చప్పుడు మొదలైంది. ఎదురుగా మా ఆయన మొహంలో రంగు మారింది. టోపీ తీసుకుని లేచాడు.

“కూర్చోరా,” అని కరాడోగ్ కోటు పట్టుకుని లాగాడు.

మా ఆయన విదిలించుకున్నాడు. పాస్టరుగారి నోట్లో మాట ఆగిపోయింది. మా మామగారి కాలం నుంచి ప్రసంగం మధ్యలో ఆ బెంచీ దిగిపోయిన మనిషి లేడు. జనమంతా చూస్తుండగా నడవ వెంట పెద్దపెద్ద అడుగులేసుకుంటూ, నా వైపైనా చూడకుండా బయటికి పోయాడు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. ఆ సిగ్గు కప్పెయ్యడానికే కాబోలు కరాడోగ్ గొంతెత్తి కీర్తన అందుకున్నాడు. అందరూ కలిశారు. అది అయిపోయేసరికి డ్రిల్లు ఆగి ఉంది. అమ్మయ్య అనుకున్నాను. పాస్టరుగారు మళ్ళీ మొదలుపెట్టి, తడబడుతూ ఎలాగో ముగించారు. చివరి కీర్తనకి లేచాం.

పాట మధ్యలో ఢామ్మని పేలింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి.

పేల్చే ముందు కొమ్ము ఊదాలి. ఊదారో లేదో మా పాటలో ఎవరికీ వినపడలేదు. ఊది పేల్చారా, లేక రాళ్ళ కింద మందు దానంతటదే పేలి మా ఆయన్ని తీసుకుపోయిందా? నేను గనిలో తండ్రిని పోగొట్టుకున్నదాన్ని. ఎలా బయటికొచ్చానో తెలియదు, కీర్తనల పుస్తకం చేతిలో ఉండగానే కొండెక్కాను.

పైన దుమ్ము తెరలాగా ఉంది. హ్యూబర్ట్ మొహం సున్నం కొట్టినట్టుంది.

“ఏడయ్యా? మా ఆయనేడీ?” అని అరిచాను.

దుమ్ములోంచి వచ్చాడు, ఆదివారపు నల్ల సూటు మీద, టోపీ మీద బూడిద, మొహం నిండా నవ్వు. “ఏడే మెన్నా! నాకు వినపడ్డది ఏడే. ఎనిమిదోది ఇప్పుడు తీశాను!”

పుస్తకంతో భుజం మీద ఒక్కటిచ్చాను. ఆ తర్వాత అక్కడే రాళ్ళ మీద చతికిలపడ్డాను.

“తప్పు నాదేనమ్మా. అద్దె డ్రిల్లు రేపు తిరిగిచ్చేయాలి. చెరువు వైపు కాస్త తొలిస్తే ఏమవుతుందిలే అనుకున్నాను,” అన్నాడు హ్యూబర్ట్. తీరా మందు దొరికింది మా ఆయన భయపడ్డ కొండ వైపు కాదు, ఆయన తోడుకోమన్న చెరువు వైపే. డ్రిల్లు పెట్టిన చోటికి జానెడు దూరంలో వత్తి ముక్క కనిపించిందట. ఇద్దరూ రాళ్ళు చేత్తో ఒక్కొక్కటే తీసి, పక్కన కొత్త మందు పెట్టి పేల్చేశారు. నల్లబండ పోయింది. దాని చోట రైలు పట్టేంత సందులోంచి అవతలి కొండలు కనిపిస్తున్నాయి. కుర్రాళ్ళు కేకలు పెట్టబోయి నన్ను చూసి నోళ్ళు మూసుకున్నారు.

ఆ వారం మధ్యలో సంఘకూటం పెట్టారు. మా ఆయన్ని వదులుకోవడం పాస్టరుగారికి ఇష్టం లేదు. దారి ఆయనే చూపించారు.

“ప్రాణాలు కాపాడటానికి వెళ్ళావు ఇద్వల్, అందులో ఎవరూ తప్పెన్నరు. ఆ మందు అప్పుడే పేల్చడం కూడా అవసరమైంది. అంతేనా?”

అవునంటే అయిపోతుంది. నాన్న చోటు నిలుస్తుంది. ఇంట్లో బయల్దేరేటప్పుడు నేను చిలక్కి చెప్పినట్టు చెప్పాను, ఒక్క మాట చాలు, ఇంకేం మాట్లాడకు అని.

మా ఆయన లేచి నిలబడ్డాడు. “వాళ్ళని ఆపడం అవసరమేనండి. పేల్చడం కాదు. ఇద్దరు కాపలా ఉంటే సోమవారం దాకా ఆగేది.”

“మరెందుకు పేల్చావయ్యా?” పాస్టరుగారి గొంతు బతిమాలుతున్నట్టే ఉంది.

“ఆగలేకపోయానండి. అది అక్కడుందని తెలిశాక ఇంటికెళ్ళి చేతులు కట్టుకు కూర్చోవడం నావల్ల కాలేదు. పేలాక సంతోషం వేసింది. ఆదివారమని తెలిసే వేసింది. లేదంటే అబద్ధమవుతుంది.”

నాకు లేచి ఆయన నోరు మూసెయ్యాలనిపించింది. కాళ్ళమీద పడి దణ్ణం పెట్టాలనీ అనిపించింది. రెండూ నిజమే.

ఇక నియమం ప్రకారం అడగక తప్పలేదు. ఇద్వల్‌ని పెద్దల బెంచీ నుంచి తప్పించడానికి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి అన్నారు పాస్టరుగారు నేలచూపులు చూస్తూ. ఒక్క చెయ్యి లేవలేదు. ఇన్నాళ్ళూ కాచుకుని ఉన్న కరాడోగ్ కూడా తన బూట్ల వైపే చూస్తున్నాడు.

అప్పుడు మా ఆయన చెయ్యెత్తాడు. నిటారుగా, బడిలో జవాబు తెలిసిన పిల్లాడిలా ఎత్తి, దించకుండా నిలబడ్డాడు. ఆ పెద్దగదిలో అదొక్కటే చెయ్యి. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఇంత పిచ్చి మనిషి నా మొగుడని పొగరు కూడా వచ్చింది. ఆయన చెయ్యి అక్కడ ఒంటరిగా ఉండటం చూడలేకపోయాను. నేనూ ఎత్తాను.