కొల్లేటి కొంగలు కనబడే కిటికీ

తాడేపల్లిగూడెం కాలేజీలో మా గుమాస్తాగారిని తలుచుకుంటే ముందు ఆయన వీపే గుర్తొస్తుంది.

ఏ కులంవాళ్లు, ఏ మతంవాళ్లు ఎంతమంది చదువుతున్నారో ఏటా యూనివర్సిటీకి లెక్క పంపాలి. మా ఆకివీడు స్కూల్లో అయితే కులం పేరు చదివి, లేచి నిలబడమనేవారు. క్లాసంతా తలలు తిప్పి చూస్తుంటే నేనొక్కదాన్నే నిలబడేదాన్ని. ఈయన మాత్రం మమ్మల్ని ఆఫీసు గదికి పిలిచి, కులం, మతం రాయడానికి తలా ఒక చీటీ ఇచ్చేవారు.

"పేర్లు రాయొద్దండి. మీరు రాస్తుండండి, నేనలా కొల్లేటి కొంగల్ని చూస్తుంటాను."

అని బీరువా వెనకున్న కిటికీ దగ్గరికి వెళ్లి, అటు తిరిగి నిలబడేవారు. ఆఖరి చీటీ డబ్బాలో పడేదాకా ఇటు తిరిగేవారు కాదు. ఆఫీసులోకి కంప్యూటర్ వచ్చాక కూడా ఈ చీటీలు మానలేదు.

నా చీటీ మీద రాస్తుంటే, కొల్లేటి మధ్యనున్న మా లంక మీద వాలే కొంగలన్నీ ఆయన కళ్లముందు ఎగురుతున్నట్టే అనిపించేది. తెల్లటి రెక్కల చప్పుడు కూడా వినబడేది నాకు.

చివరి ఏడాది ఉండబట్టలేక, కొంగల్ని చూద్దామని వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాను. కిటికీకి మూరెడు దూరంలో సైకిల్ షెడ్డు గోడ అడ్డంగా ఉంది. దానికి సున్నమైనా వేయలేదు.

ఆయన నావైపు తిరగలేదు. ఆ గోడనే చూస్తూ, "అందరూ రాసేశారాండీ?" అని అడిగారు.