జాకెట్టు చేతిలో ఆపరేషన్ కాగితం

ఆమె ఏ ఇంటికి వచ్చినా ముందు అడిగే మాట ఒక్కటే: "కాయితమేదీ?" కాన్పులకు తోడుంటుంది కనుక అరకులో అందరూ ఆమెను తోడక్క అనేవారు. మంచినీళ్ళిస్తే గ్లాసు పట్టుకుని కూడా అదే అడిగేది.

నా భార్యకు మొదటి కాన్పు ఆపరేషన్. రెండోది మామూలుగా కావాలని తన పట్టు. గర్భసంచిని ఎటు కోశారో పాత కాగితంలో చూశాకే ఒప్పుకుంటానంది డాక్టరమ్మ. పైకి కనిపించే కుట్టును బట్టి లోపలి కోత తెలియదట.

నేను దర్జీని. ఆ కాగితం గట్టిగా ఉందని ఎప్పుడో జాకెట్టు కొలతకు కత్తిరించేశాను. సంతరోజు, దుకాణం నిండా జనం ఉండగా, తోడక్క నా కొలత కాగితాల మూట నేలమీద కుమ్మరించింది.

"ఏటి బావూ, పెళ్ళాం కడుపు కాయితాన్ని ఎవులి సేతికి తొడిగేసినావు?"

అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఈరోజుకీ చెప్పగలను. వాళ్ళలో ఇద్దరికి ఇప్పటికీ కాజాలు కుట్టను.

రెండు చేతిముక్కలూ ఒక మెడముక్కా వెతికి, ఆమె గుండుసూదులతో కలిపింది. అడ్డకోత అన్న సంగతి చంక వంపు దగ్గర దొరికింది. డాక్టరమ్మ ఆ సగం జాకెట్టును బల్లమీద పరిచి చదివి, ఆపరేషన్ గది సిద్ధంగా ఉంచి మామూలు కాన్పుకే ప్రయత్నిద్దామంది.

ఆసుపత్రిలో నొప్పులు పడుతున్నంతసేపూ తోడక్క నా భార్య నడుము రుద్దుతూ లోపలే ఉంది. మామూలు కాన్పే అయింది. బయటికొచ్చి మా అత్తగారికి చెప్పింది, ఊడ్చే ఆమెకు చెప్పింది, టైడా నుంచి పంటినొప్పితో వచ్చిన ముసలాయనకు కూడా చెప్పింది. ఆ తర్వాత నావైపు తిరిగింది.

"ఇంకా ఇక్కడే కూకున్నావేటి? ఆడగుంట పుట్టింది. బేగెల్లు, నీ పెళ్ళాం నీకోసం సూత్తంది."

అందరికన్నా చివర నాకు చెప్పడం తప్పు. ఆ సంగతి గట్టిగా అడగాలనుకుంటూనే, చెప్పులు అక్కడే వదిలేసి లోపలికి పరుగెత్తాను.